గ్రీస్ ఫిల్మ్ ఫెస్టివల్స్: కొండగట్టులో కూర్చుని ఫోన్‌లో చూడొచ్చా..? లింక్ నొక్కే ముందు ఇవి తెలుసుకోండి!

చేతిలో ఫోన్, అందులో డేటా ఉంటే చాలు.. ప్రపంచంలో ఏ సినిమా అయినా చూసేయొచ్చని చాలామంది అనుకుంటారు. ఫిల్మ్ ఫెస్టివల్స్ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క మారిపోతుంది. గ్రీస్‌లో జరిగే పెద్ద ఫెస్టివల్ పేజీలో 'ఆన్‌లైన్ స్క్రీనింగ్' అని ఉంటుంది. తీరా కొండగట్టు నుంచో, కోరుట్ల నుంచో ప్లే నొక్కితే.. ఈ సినిమా మీ ప్రాంతంలో అందుబాటులో లేదని మెసేజ్ వస్తుంది. అసలు ఎందుకిలా? మరి మనవాళ్లు చూడగలిగేవి ఏవి? మన షార్ట్ ఫిల్మ్‌ను అక్కడికి పంపాలంటే ఏం చూసుకోవాలి?

ఈ ప్రాంతానికి, గ్రీస్‌కు ఏంటి సంబంధం?

వీడియో సినిమా ఈ చుట్టుపక్కల ఊళ్లకు కొత్త కాదు. కొండగట్టు ఉన్న మల్యాల మండలంలోనే లంబాడిపల్లి ఉంది. 2012లో మొదలైన 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానెల్ ఈ ఊరిదే. గంగవ్వ ఇక్కడి నుంచే 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాల దాకా, బిగ్‌బాస్ దాకా వెళ్లింది. ఇటు సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి 'బలగం' తీశారు. 2023 మార్చి 3న థియేటర్లలోకి వచ్చిన ఆ సినిమా, అదే నెల 24న ప్రైమ్ వీడియోలోకి వచ్చింది. అయినా ఊళ్లలో తెరలు కట్టి మరీ జనం కలిసి చూశారు. అందులోని 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు కూడా దక్కింది.

అందుకే ఇక్కడి కుర్రాళ్లు చాలామంది షార్ట్ ఫిల్మ్ తీసి ఫెస్టివల్‌కు పంపాలని చూస్తుంటారు. పంపే ముందు అక్కడ ఎలాంటి సినిమాలు ఆడుతున్నాయో చూడాలి కదా! గ్రీస్ పేరు వినిపించేది ఇక్కడే.

గ్రీస్‌లో ఏ పండుగ ఎప్పుడు?

థెస్సలోనికి: గ్రీస్‌లో రెండో పెద్ద నగరం. 1960లో గ్రీకు సినిమా వారోత్సవంగా మొదలై, 1992లో అంతర్జాతీయ ఫెస్టివల్‌గా మారింది. నవంబర్‌లో జరుగుతుంది. పెద్ద బహుమతి పేరు గోల్డెన్ అలెగ్జాండర్. 1999 నుంచి డాక్యుమెంటరీలకు వేరే ఫెస్టివల్ నడుస్తోంది. అది మార్చిలో ఉంటుంది.

డ్రామా: ఇది ఊరి పేరే! ఉత్తర గ్రీస్‌లోని ఈ పట్టణంలో 1978 నుంచి షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ జరుగుతోంది. సాధారణంగా సెప్టెంబర్‌లో. షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లు ముందుగా గమనించాల్సింది దీన్నే.

ఏథెన్స్: రాజధానిలో 1995లో మొదలైంది. శరదృతువులో జరుగుతుంది. ఇక్కడి బహుమతి గోల్డెన్ ఎథీనా.

ఒలింపియా: పిర్గోస్ పట్టణం కేంద్రంగా 1997 నుంచి పిల్లలు, యువత సినిమాల కోసం నడుస్తున్న ఫెస్టివల్. డిసెంబర్‌లో ఉంటుంది. స్కూల్ పిల్లలతో సినిమాలు తీయించే టీచర్లకు ఇది పనికొస్తుంది.

ఆన్‌లైన్‌లో ఉన్నా మనకెందుకు రాదు?

2020లో కరోనా వచ్చి థియేటర్లు మూతపడ్డాయి. థెస్సలోనికి ఫెస్టివల్ ఆన్‌లైన్‌కు మారింది. తర్వాత థియేటర్లు తెరిచినా ఆన్‌లైన్ వేదిక మిగిలింది. కానీ అందులోని సినిమాల్లో ఎక్కువ శాతం గ్రీస్‌లో ఉన్నవాళ్లకే ఓపెన్ అవుతాయి. దీన్నే జియో బ్లాకింగ్ అంటారు. ఫోన్ ఏ దేశం నుంచి కనెక్ట్ అయిందో వెబ్‌సైట్ గుర్తించి, తలుపు తెరవాలా వద్దా అని నిర్ణయిస్తుంది.

కారణం సింపుల్. సినిమా హక్కులు దేశాల వారీగా అమ్ముడుపోతాయి. మన దగ్గర నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ఏరియాలు విడగొట్టి అమ్మినట్టే. నైజాం హక్కులు కొన్నాయన సీడెడ్‌లో బొమ్మ వేయలేడు. అలాగే ఫెస్టివల్‌కు నిర్మాత ఇచ్చే అనుమతి గ్రీస్ వరకే. ఇండియాలో ముందే అందరూ చూసేస్తే, రేపు ఇక్కడ కొనాల్సిన సంస్థ వెనకడుగు వేస్తుంది. చిన్న నిర్మాతకు ఆ దెబ్బ పెద్దదే.

ఇంకో సంగతి. ఆన్‌లైన్‌లో కూడా 'సీట్లు' ఉంటాయి. ఒక్కో సినిమాను ఎంతమంది చూడొచ్చో ముందే లెక్క పెడతారు. అవి అయిపోతే హౌస్‌ఫుల్! ప్లే నొక్కాక కొన్ని గంటల్లోనే పూర్తి చేయాలనే షరతు కూడా మామూలే.

మరి వీపీఎన్ పెడితే? అది సైట్ నిబంధనలను దాటడమే. టికెట్ కొన్నాక అకౌంట్ ఆగిపోతే డబ్బు తిరిగి వస్తుందన్న భరోసా లేదు.

అయితే ఏవి చూడొచ్చు?

ఫెస్టివల్ అధికారిక యూట్యూబ్ ఛానెల్‌లో ట్రైలర్లు, దర్శకులతో ముచ్చట్లు, మాస్టర్ క్లాసులు ఉంటాయి. ఇవి ఫ్రీ.

రెండోది, ఓపిక ఉన్నవాళ్లకు అసలైన దారి. ఫెస్టివల్ ముగిసిన రోజు విజేతల జాబితా వస్తుంది. సినిమా పేరు, దర్శకుడి పేరు రాసిపెట్టుకోవాలి. కొన్ని నెలల తర్వాత వాటిలో కొన్ని ముబి లాంటి ఓటీటీల్లోకి వస్తాయి. ఏ సినిమా ఇండియాలో ఎక్కడ ఉందో జస్ట్‌వాచ్‌లో వెతికితే తెలుస్తుంది. యోర్గోస్ లాంతిమోస్ లాంటి గ్రీకు దర్శకుడి సినిమాలు మన దాకా వచ్చింది ఇలాగే. ఆయన 'పూర్ థింగ్స్' 2023లో వెనిస్‌లో గోల్డెన్ లయన్, 2024లో నాలుగు ఆస్కార్లు గెలిచింది.

మొదలుపెట్టేవాళ్లకు థియో ఏంజెలోపౌలస్ మంచి దారి. థెస్సలోనికి నేపథ్యంలో ఆయన తీసిన 'ఎటర్నిటీ అండ్ ఎ డే'కు 1998లో కాన్స్‌లో పామ్ డి ఓర్ వచ్చింది. కాస్త నిదానంగా నడుస్తుంది. ఊళ్లు, పొగమంచు, మౌనం.. పల్లె కథలు తీసేవాళ్లకు అందులో నేర్చుకునేది చాలా ఉంది.

టైమ్, డేటా, డబ్బు.. మూడూ చూసుకోవాలి

నవంబర్, మార్చి ఫెస్టివల్స్ సమయంలో మనం గ్రీస్ కంటే మూడున్నర గంటలు ముందుంటాం. అక్కడ రాత్రి 8 అయితే ఇక్కడ 11:30. సెప్టెంబర్‌లో తేడా రెండున్నర గంటలే.

హెచ్‌డీలో చూస్తే గంటకు రెండు, మూడు జీబీల దాకా పోతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో సినిమా సగంలోనే ఆగిపోవచ్చు. క్వాలిటీ తగ్గించుకోవాలి, లేదంటే వైఫై ఉన్నచోట చూడాలి. సబ్‌టైటిల్స్ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, తెలుగులో దొరకవు.

విదేశీ సైట్లలో యూపీఐ ఉంటుందని అనుకోవద్దు. కార్డు వాడాలంటే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి, పని అయ్యాక ఆఫ్ చేయడం మంచిది. వాట్సాప్, టెలిగ్రామ్‌లో వచ్చే 'ఫ్రీ ఫెస్టివల్ లింక్' నొక్కితే సినిమా రాకపోగా ఖాతా ఖాళీ కావచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయాలి.

షార్ట్ ఫిల్మ్ పంపేవాళ్లు ఇది తప్పక చదవాలి

పేరులో 'ఏథెన్స్', 'ఇంటర్నేషనల్' అని ఉన్నంత మాత్రాన అది పెద్ద ఫెస్టివల్ కాదు. ఫీజు కడితే చాలు సర్టిఫికెట్ పంపేవి కూడా ఉంటాయి. అప్పు తెచ్చి సినిమా తీసినవాళ్ల డబ్బు ఇక్కడే కరిగిపోతుంది. తేడా ఎలా పట్టాలంటే..

సినిమాలు నిజంగా ఏ థియేటర్‌లో ఆడతాయో చెబుతున్నారా? జ్యూరీ పేర్లు ఉన్నాయా? గత ఏళ్ల ప్రోగ్రామ్ షెడ్యూల్‌తో సహా కనిపిస్తోందా? ఇవి ఉంటే నమ్మొచ్చు. ప్రతి నెలా అవార్డులు, ఒక్కో విభాగానికి ఒక్కో ఫీజు, ట్రోఫీకి మళ్లీ డబ్బు అంటే మాత్రం ఆగి ఆలోచించాల్సిందే.

మరో ముఖ్యమైన మాట. చాలామంది సినిమాను ముందు యూట్యూబ్‌లో పెట్టి, వ్యూస్ వచ్చాక ఫెస్టివల్‌కు పంపుతారు. కొన్ని ఫెస్టివల్స్ ఆన్‌లైన్‌లో వచ్చేసిన సినిమాను తీసుకోవు. కాబట్టి ముందు రూల్స్ చదవాలి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేయాలి, ఫెస్టివల్‌కు పంపాలి. యూట్యూబ్ చివర్న. వరుస తప్పితే ఎంత మంచి సినిమా అయినా గడప దగ్గరే ఆగిపోతుంది.

తేదీలు, ఫీజులు ఏటా మారుతుంటాయి. కాబట్టి ఎంట్రీ పంపినా, టికెట్ కొన్నా.. ఫెస్టివల్ అధికారిక వెబ్‌సైట్ చూశాకే పంపండి, కొనండి.