గార్దభ సంరక్షణ

పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురం పీఠభూమిలో సాలీనా కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పచ్చిక కరవైన ఈ నేలలో ఎండుగడ్డి మేసి, బరువులు మోసి, రజకులకు తరతరాలుగా తోడ్పడిన జీవి గాడిద. వాహనాలు వచ్చిన తరువాత దానికి పని తగ్గింది. పని తగ్గిన జీవికి వధ ముప్పు పెరిగింది.

గాడిద మాంసం నడుమునొప్పిని, ఉబ్బసాన్ని పోగొడుతుందన్న నమ్మకం ప్రకాశం, గుంటూరు, కృష్ణా వంటి కోస్తా జిల్లాలలో వ్యాపించింది. దీనికి శాస్త్రీయ ఆధారం లేదు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు పేర్కొన్న మాంస జంతువులలో గాడిదగానీ, గుర్రంగానీ లేవు. అయినను రహస్య విక్రయాలు ఆగలేదు. 2022 అక్టోబరులో జంతు సంరక్షణ సంస్థల చొరవతో పోలీసులు బాపట్లలో దాడులు జరిపి, 400 కిలోలకు పైగా మాంసాన్ని స్వాధీనం చేసుకున్నారు.

దేశంలో 2012లో సుమారు 3.2 లక్షలున్న గాడిదలు 2019 నాటికి 1.2 లక్షలకు తగ్గాయి. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో మిగిలినవి దాదాపు 5 వేలే. గాడిద చూలు కాలం ఇంచుమించు ఏడాది. ఈతకు సాధారణంగా ఒక్క పిల్లే. కనుక తరిగిన మంద త్వరగా పెరగదు. ఈ ముప్పును గుర్తించియే ఆఫ్రికా దేశాల సమాఖ్య 2024 ఫిబ్రవరిలో, చర్మం కోసం గాడిదలను చంపడాన్ని 15 ఏళ్లపాటు నిషేధించింది.

చట్టం వధించేవారిని శిక్షించగలదు. మూఢనమ్మకాన్ని తొలగించగలిగేది విజ్ఞానమే. పేదరికంతో గాడిదను అమ్ముకొనే యజమానికి జీవనోపాధి చూపడమూ అంతే అవసరం. ఈ మూడూ కలిసినప్పుడే ఆ మూగజీవి మనుగడ నిలుస్తుంది.