మేత మేయుచునే చిక్కిపోవు గొఱ్ఱె

గొఱ్ఱె చక్కగా మేయుచుండును, నెమరు వేయుచుండును. జ్వరము లేదు, దగ్గు లేదు. అయినను నెలనెలకు చిక్కి, వెన్నుపూసలు లెక్కింప వీలగును. కడపట దవడ క్రింద నీరు దిగి, లేవలేక పడిపోవును. మెదక్ జిల్లాలో శంకరంపేట ప్రాంతపు గొల్ల, కురుమ సోదరులు ఇట్టి జీవమును చూచినచో కార్జపు జలగయని తలచి నట్టల మందు త్రాగింతురు. అది తప్పు కాదు. జలగల వలనను ఇట్లే జరుగును. మందు వేసినను కోలుకొననిచో మాత్రము జోన్స్ వ్యాధిని అనుమానింపవలెను.

1895లో జర్మనీ దేశమున డ్రెస్డెన్ నగరమందు యోనె, ఫ్రాథింగ్‌హామ్ అను శాస్త్రజ్ఞులు ఒక ఆవు ప్రేగులలో ఈ వ్యాధి సూక్ష్మజీవిని చూచిరి. ఇది క్షయ సూక్ష్మజీవికి జ్ఞాతి. ప్రేగు గోడలలో చేరి వానిని మందముగా, ముడుతలు పడునట్లు చేయును. తిన్న మేత ఒంట బట్టదు. ఆవులకు, బఱ్ఱెలకు ఆగని పారుడుండును. గొఱ్ఱెలకు, మేకలకు తరచుగా పారుడే యుండదు. పెంటికలు కొంచెము మెత్తబడుట తప్ప వేఱు గుర్తు కానరాదు.

వ్యాధి అంటునది ముఖ్యముగా పసితనమున. పేడ అంటిన పొదుగు, దొడ్డిలోని నీటితొట్టి, రోగపు తల్లి పాలు దీనికి మార్గములు. లక్షణములు బయటపడుటకు ఏండ్లు పట్టవచ్చును. ఈలోపల పుష్టిగా కనబడు గొఱ్ఱె తన పెంటికలతో మందకంతకు రోగమును పంచుచుండును. నయము చేయు మందు లేదు.

కనుకనే పరీక్ష అవసరము. అయితే ఒక్క పరీక్షతో నిశ్చింతగా నుండరాదని మేము స్పష్టముగా చెప్పదలచితిమి. పెంటికలను గాజుపలకపై పూసి రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూచుట చౌక. కాని సూక్ష్మజీవులు విస్తారముగా నున్ననే కనబడును. వానిని ప్రయోగశాలలో పెంచి చూచుట నమ్మదగినదే గాని, అందుకు నెలలు పట్టును. ఎలిసా అను రక్తపరీక్ష త్వరగా ముగియును. కాని వ్యాధి ముదిరినగాని రక్తములో దాని జాడ చక్కగా తెలియదు. ‘లేదు’ అని వచ్చిన ఫలితమునకు ‘నేటికి కనబడలేదు’ అనియే అర్థము. మందనంతను మరల మరల పరీక్షింపవలెను.

జింక జాతికిని ఈ వ్యాధి తప్పదు. న్యూజీలాండ్ రైతులు 1970 ప్రాంతము నుండి ఎఱ్ఱజింకలను మాంసమునకై పెంచుచున్నారు. అచ్చట ఏడాది ప్రాయపు జింకలే పారుడుతో, కొలది వారములలో కృశించి చచ్చుట కలదు. కోసి చూచినచో ప్రేగుల చెంతనున్న గ్రంథులు క్షయ గ్రంథులవలె నుండును. ఏ వ్యాధియో ప్రయోగశాల తేల్చవలసినదే. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము జింకల నిట్లు పెంచుకొననీయదు. అయినను మెదక్ చెంతనే పోచారము అభయారణ్యమున దుప్పులున్నవి. వానికి వ్యాధి యున్నదని మేము చెప్పుట లేదు. దుప్పులు త్రాగు నీటికి రోగపు మందను తోలరాదని మాత్రము చెప్పుచున్నాము.

తెలంగాణ ప్రభుత్వము 2017లో ప్రారంభించిన పథకము క్రింద ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున మందలనిచ్చిరి. పథకమున వచ్చినను, అంగడిలో కొన్నను, పొరుగు జీవాలను నేరుగా పాత మందలో కలుపరాదు. ఇక కష్టమైన మాట. చిక్కిన గొఱ్ఱెను అంగడికి తోలి నాలుగు రూకలు దక్కించుకొనుట పేదకాపరికి సహజమైన ఆశ. తీసివేయుడని వ్రాయుట మాకు సులభము. పిల్లల చదువు ఆ గొఱ్ఱెపై ఆధారపడినవానికి సులభము కాదు. అయినను, పెంపకమునకై దానిని కొన్నవాని ఇంటనూ పిల్లలుందురు గదా!

మధుర చెంత మఖ్‌దూమ్‌లోని కేంద్ర మేకల పరిశోధన సంస్థ ఈ వ్యాధికి టీకాను రూపొందించినది. టీకా రోగతీవ్రతను తగ్గించును గాని, అంటుటను పూర్తిగా ఆపదు. పైగా టీకా పొందిన జీవము రక్తపరీక్షలో రోగివలె కనబడవచ్చును; ఆ సంగతి వైద్యునికి ముందుగా తెలుపవలెను.

అనుమానమున్నచో నేలపై పడిన పెంటికలను ఏరక, పశువైద్య సిబ్బందిచే పురీషనాళము నుండి తీయించి, శుభ్రమైన సీసాలో మూత బిగించి, గొఱ్ఱె చెవిపోగు సంఖ్య వ్రాసి పశువైద్యశాలకు చేర్పవలెను. గొఱ్ఱె చచ్చినచో పాతిపెట్టకమునుపే వైద్యునికి కబురంపవలెను. చిన్నప్రేగు చివరిభాగము, దాని చెంత గ్రంథులు చూచినచో మిగిలిన మంద సంగతి కొంత తెలియును.