తుఫాను వార్తలలో పదకల్పనము – అర్థస్పష్టత

కావ్యపాఠకునకు నిఘంటువును సంప్రదించు తీరిక కలదు. వార్తాపాఠకునకు అది లేదు. కావున పత్రికారచనయందు పదకల్పనము ఎంత అవసరమైనను, అది అర్థస్పష్టతకు లోబడియుండవలెను. ఈ విషయమును తుఫాను వార్తలలోని కొన్ని మాటల మూలమున పరిశీలింతము. తెలుగునాట సముద్రతీరవాసులకు ఈ మాటలు ప్రాణములతో ముడివడినవి.

మొదటివి ‘అల్పపీడనము’, ‘వాయుగుండము’. ఇవి రెండును ఒకే పరిణామమునందలి దశలు. గాలివేగము గంటకు 31 కిలోమీటర్లకు చేరినచో అల్పపీడనము వాయుగుండమగును. 62 కిలోమీటర్లు మించినచో తుఫాను అగును. ‘అల్పపీడనము’ శాస్త్రార్థమును యథాతథముగా తెలుపు అనువాదము. కాని ‘పీడ’ యనగా బాధయని ఎరిగిన సామాన్యుడు దానిని ‘కొద్దిపాటి బాధ’గా గ్రహింపవచ్చును. ‘వాయుగుండము’ అట్టిది కాదు. ఏటిలోని సుడిగుండమును చూచినవానికి, గాలి సుడి తిరుగుట ఆ మాటతోనే కన్నులకు గట్టును. పదసృష్టి అనదగినది ఇట్టిది.

రెండవది ‘తుఫాను తీరము దాటును’ అను ప్రయోగము. సముద్రముపై నున్న తుఫాను భూభాగముమీదికి వచ్చుటయే దీని యర్థము. కాని తెలుగు వ్యవహారమున ‘గండము దాటెను’, ‘ఏరు దాటెను’ అనునపుడు ఆపద గడచెనను భావము స్ఫురించును. తుఫాను విషయమున స్థితి ఇందుకు విపరీతము: అది తీరము దాటు వేళయే తీరవాసులకు మిక్కిలి ప్రమాదకరము. ఊరటగా ధ్వనించు మాట హెచ్చరికకు తగదు. ‘తీరమును తాకును’ అనినచో ఈ సందిగ్ధత తొలగును.

మూడవది ‘ఉప్పెన’. 1864లో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఉప్పెనయే. దివిసీమలో సుమారు 10,000 మంది మరణించిరి. ఇంతటి స్మృతి గల మాటను విడిచి, ‘సముద్రమట్టము సాధారణస్థాయికంటె రెండు మీటర్లు పెరుగు అవకాశము కలదు’ అని వ్రాసినచో లెక్క తెలియును గాని భయము తెలియదు. కేవలము ‘ఉప్పెన ముప్పు’ అనినచో భయము తెలియును గాని లెక్క తెలియదు. ‘రెండు మీటర్ల ఎత్తున ఉప్పెన రావచ్చును’ అను వాక్యమున రెండును కలవు. ఇచట విలేఖరి చూపవలసిన నేర్పు క్రొత్తమాటను కల్పించుటలో లేదు. ఉన్నమాటను మరువకుండుటలో కలదు. సభలకు వచ్చిన జనమును వర్ణించుటకు ‘అభిమానుల ఉప్పెన’ అని పలుమారు వ్రాయుటవలన ఆ మాట పదును తగ్గుననియు గుర్తింపవలెను.

‘సముద్రుడు కన్నెర్ర చేసెను’ వంటి అలంకారములు తుఫాను వెలిసిన పిమ్మట వ్రాయు కథనములందు కొంత శోభింపవచ్చును. ముందస్తు వార్తయందు మాత్రము ఎచట, ఎప్పుడు, ఎంత అను మూడు ప్రశ్నలకే చోటు. అట్టి వార్తను ఒకరు బిగ్గరగా చదువగా, విన్న పల్లెవాసి ‘అయితే ఇల్లు విడువవలెనా, వద్దా?’ అని మరల అడుగనక్కరలేనిచో, ఆ భాష సార్థకమైనట్లు చెప్పవచ్చును.