రన్‌టైమ్‌లో ఉన్న క్లాసు, బండిల్‌కు కనిపించని క్లాసు

ప్లగిన్లతో పెరిగే జావా అప్లికేషన్‌లో ఒక క్లాసు కంప్యూటర్లో ఉండటం వేరు, దాన్ని వాడుకోవాల్సిన మాడ్యూలుకు అది కనిపించడం వేరు. ఈ తేడా తెలియకపోతే ‘క్లాస్‌నాట్‌ఫౌండ్ ఎక్సెప్షన్’ అన్న సందేశం ఎంతటి ప్రోగ్రామరునైనా గంటల తరబడి తిప్పలు పెడుతుంది. వెతుకుతున్న క్లాసు జావా రన్‌టైమ్‌లోనే ఉంటుంది, అయినా దొరకలేదంటుంది.

మామూలు జావా ప్రోగ్రాములో ఈ చిక్కు రాదు. క్లాసులను మెమరీలోకి తెచ్చే క్లాస్‌లోడరు ముందు తన పేరెంట్‌ను అడుగుతుంది, అక్కడ లేకపోతేనే తాను వెతుకుతుంది. ప్రోగ్రాముకు చెందిన జార్ ఫైళ్లన్నీ ఒకే క్లాస్‌పాత్ మీద ఉంటాయి కాబట్టి ఎవరికైనా ఏదైనా కనిపిస్తుంది. మేడ్చల్ రోడ్డు వెంట ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లోనైనా, 2008లో శామీర్‌పేట దగ్గర మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లోనైనా విద్యార్థికి జావా మొదట పరిచయమయ్యేది ఈ రూపంలోనే. ప్యాకేజీ, ఇంపోర్ట్, క్లాస్‌పాత్ తెలిస్తే ల్యాబ్ పరీక్ష గట్టెక్కుతుంది. ఉద్యోగంలో చేరి ఎక్లిప్స్ అనే ప్రోగ్రామింగ్ టూల్‌కు ప్లగిన్ రాయమన్న రోజున అసలు పాఠం మొదలవుతుంది.

ఎక్లిప్స్ 2004లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ఓఎస్‌జీఐ అనే ప్రమాణం మీద నడుస్తోంది. 1999లో ఏర్పడిన ఓఎస్‌జీఐ అలయన్స్ మొదట ఇళ్లలోని నెట్‌వర్క్ పరికరాలను దృష్టిలో పెట్టుకుని దీన్ని రూపొందించింది. ఇందులో ప్రతి మాడ్యూలునూ బండిల్ అంటారు, ప్రతి బండిల్‌కూ సొంత క్లాస్‌లోడరు ఉంటుంది. తనకు ఏ ప్యాకేజీలు కావాలో, తాను ఏవి ఇతరులకు ఇస్తుందో బండిల్ తన మానిఫెస్ట్ ఫైల్లో ‘ఇంపోర్ట్ ప్యాకేజ్’, ‘ఎక్స్‌పోర్ట్ ప్యాకేజ్’ పంక్తుల్లో రాసుకోవాలి. ఒకే లైబ్రరీ పాత వెర్షన్‌ను ఒక బండిల్, కొత్త వెర్షన్‌ను మరో బండిల్ ఒకే ప్రోగ్రాములో వాడుకోగలగడం ఈ కట్టుదిట్టం వల్లే సాధ్యమైంది. కోట్లాది రూపాయల సర్వర్ ప్రోగ్రాములు దీన్ని ఎంచుకోవడానికి ఈ ఒక్క సౌకర్యం చాలు.

మరి రన్‌టైమ్ సొంత క్లాసుల సంగతి? అపార్ట్‌మెంటులో ఎవరి వంటిల్లు వారిదే అయినా మంచినీళ్ల ట్యాంకు ఉమ్మడిగా ఉన్నట్టు, ‘జావా.’ అని మొదలయ్యే ప్యాకేజీలు అడగకుండానే అన్ని బండిల్స్‌కూ అందుతాయి. ‘జావాఎక్స్.’, ‘కామ్.సన్.’, ‘సన్.మిస్క్’ వంటివి అలా అందవు. వాటికి రెండు దారులున్నాయి.

మొదటిది సిస్టమ్ బండిల్ దారి. బండిల్స్‌ను నడిపించే ఓఎస్‌జీఐ ఫ్రేమ్‌వర్క్ తానే సున్నా నంబరు బండిల్‌గా నిలబడి, రన్‌టైమ్‌లోని ప్రామాణిక ప్యాకేజీలను ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. కావాల్సిన బండిల్ వాటిని ఇంపోర్ట్ చేసుకుంటే చాలు. ఆ జాబితాలో లేని ప్యాకేజీ కావాలంటే ఫ్రేమ్‌వర్క్ సెట్టింగుల్లో ‘సిస్టమ్ ప్యాకేజెస్ ఎక్స్‌ట్రా’ కింద దాని పేరు చేర్చాలి. అపాచీ ఫెలిక్స్, ఎక్లిప్స్ వాడే ఈక్వినాక్స్ అనే రెండు ఫ్రేమ్‌వర్క్‌ల్లోనూ ఇది పనిచేస్తుంది. ‘ఎక్స్‌ట్రా’ లేని ‘సిస్టమ్ ప్యాకేజెస్’ సెట్టింగు మాత్రం ఉన్న జాబితాను మొత్తంగా మార్చేస్తుంది. పొరపాటున అందులో ఒక్క పేరు రాస్తే, అంతదాకా పనిచేసిన బండిల్స్ కూడా మొరాయిస్తాయి.

రెండోది బూట్ డెలిగేషన్. ఇందులో పేర్కొన్న ప్యాకేజీల కోసం ఫ్రేమ్‌వర్క్ నేరుగా పేరెంట్ క్లాస్‌లోడరును అడుగుతుంది. ఏ బండిల్ మానిఫెస్ట్‌నూ మార్చనక్కర్లేదు, అందుకే చాలామంది ముందు దీన్నే ఆశ్రయిస్తారు. కానీ ఇంపోర్టుల కంటే, బండిల్ సొంత క్లాసుల కంటే ముందే ఇక్కడ వెతుకులాట జరుగుతుంది. సెట్టింగులో పేరుకు బదులు స్టార్ గుర్తు పెట్టేస్తే, బండిల్ తనతో తెచ్చుకున్న కొత్త ఎక్స్ఎంఎల్ పార్సర్‌ను పక్కకు నెట్టి రన్‌టైమ్‌లోని పార్సరు వచ్చి కూర్చుంటుంది. జావా దృష్టిలో క్లాసు అంటే పేరు ఒక్కటే కాదు, దాన్ని తెచ్చిన లోడరు కూడా. పేరు ఒకటే అయినా లోడర్లు వేరైతే అవి వేర్వేరు క్లాసులు. అప్పుడు వచ్చే ‘క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్’కు మూలం పట్టుకోవడం మొదటి తప్పును పట్టుకోవడం కంటే కష్టం.

మరో ఉచ్చు ఉంది. ఎక్లిప్స్ లాంచరుతో నడిపినప్పుడు ఈక్వినాక్స్ ఎక్కడా దొరకని క్లాసు కోసం చివరి ప్రయత్నంగా పేరెంట్‌నూ అడిగి చూస్తుంది. అందుకే మానిఫెస్ట్‌లో ఇంపోర్టు మరిచిపోయిన బండిల్ ఎక్లిప్స్‌లో నడుస్తుంది, ఫెలిక్స్‌లోకి మార్చగానే కూలుతుంది. తప్పు ఫెలిక్స్‌ది కాదు.

2017 సెప్టెంబరులో వచ్చిన జావా 9 రన్‌టైమ్‌నే మాడ్యూళ్లుగా విడగొట్టింది. దాంతో రన్‌టైమ్ అంతర్గత ప్యాకేజీలకు రెండు తాళాలు పడ్డాయి. జావాను ప్రారంభించేటప్పుడు ‘యాడ్ ఎక్స్‌పోర్ట్స్’ ఆప్షన్‌తో ఒకటి, ఓఎస్‌జీఐ సెట్టింగుతో మరొకటి తీయాలి. 2018లో జావా 11 నుంచి ‘జావాఎక్స్.ఎక్స్ఎంఎల్.బైండ్’ లైబ్రరీని పూర్తిగా తీసేశారు. దాన్ని వాడే పాత ప్లగిన్లకు ఏ సెట్టింగూ అక్కరకు రాదు, లేనిదాన్ని చూపించే సెట్టింగు ఉండదు. ఆ లైబ్రరీని, దాని ఇంప్లిమెంటేషన్‌ను విడి బండిల్స్‌గా అమర్చుకోవాల్సిందే.