ఇంగ్లీషు వాక్యమున పురుష యెచ్చట నున్నది?

ఇంగ్లీషు వ్యాకరణము నేర్చువారు మొదట తడబడునది పురుషల పేరులలోనే. ఇంగ్లీషువారి ‘ఫస్ట్ పర్సన్’ అనగా మాటలాడువాడు. దానిని మాటకు మాటగా ‘ప్రథమపురుష’ అని తెనిగించినచో అర్థము తలక్రిందులగును. మన వ్యాకరణమున ప్రథమపురుష ‘వాడు’, ‘ఆమె’, ‘అది’ మొదలగునవి, మాటలాడువాడు ఉత్తమపురుష. వారి లెక్క వక్తతో మొదలగును, మన లెక్క వక్తతో ముగియును.

పేరుల సంగతి అంతటితో సరి. అసలు భేదము వేరొకటి కలదు. తెలుగున పురుష క్రియ చివర నుండును. ‘వచ్చితిని’, ‘వచ్చితివి’, ‘వచ్చితిమి’ అనినంతనే వచ్చినదెవరో తెలియును. ఇంగ్లీషున ‘కేమ్’ అను క్రియ ఎవరు వచ్చినను ఒక్కటే. కావున ‘ఐ’, ‘యు’, ‘వుయ్’ అను సర్వనామములను విడువరాదు. వర్తమానమున మాత్రము ‘హి కమ్స్’ అనుచోట తుదిని ‘ఎస్’ అను అక్షరమొకటి మిగిలియున్నది. మన పిల్లలు తరచుగా విడుచునదియు దానినే!

తెలుగున నామమునకు సైతము పురుష అంటును: నేను రైతును, నీవు రైతువు, మేము రైతులము. ఇంగ్లీషు నామమునకు ఆ శక్తి లేదు. ‘రైతులమైన మేము’ అనుటకు వారు ‘వుయ్ ఫార్మర్స్’ అని సర్వనామమును నామము ముందర నిలుపుదురు. అప్పుడా ‘వుయ్’ అనునది ‘ది’, ‘దిస్’, ‘మై’ అను పదములుండెడి చోటనే యుండును. ఈ చోట నిలిచి, నామము దేనిని ఉద్దేశించుచున్నదో తెలుపు పదములను నేటి వ్యాకర్తలు ‘డిటర్మినర్లు’ అందురు. 1933లో బ్లూమ్‌ఫీల్డ్ ప్రకటించిన ‘లాంగ్వేజ్’ అను గ్రంథమున ఈ పేరు కానవచ్చును. తెలుగున నిర్ధారకములు అనవచ్చును.

పాత పాఠ్యపుస్తకములు ‘ఏ’, ‘ది’లను ఉపపదములనియు, ‘మై’, ‘దిస్’లను విశేషణములనియు వేరుచేసి బోధించెడివి. విశేషణములు ఎన్నియైనను వరుసగా రావచ్చును గదా యని విద్యార్థి ‘ఈ నా పుస్తకము’ అనుటకు ‘దిస్ మై బుక్’ అని వ్రాయును. నేటి ఇంగ్లీషున అది చెల్లదు. అచ్చట వేసినది ఒక్కటే పీట. ‘దిస్’ కూర్చున్న పిమ్మట ‘మై’కి తావులేదు. ‘దిస్ బుక్ ఆఫ్ మైన్’ అని దానిని వెనుకకు పంపవలెను. (‘ఆల్’ వంటి కొన్ని పదములు పీటకు ముందే నిలుచుట వేరు కథ.) మరియొకటి: ‘మై’ వక్తను తెలుపునదైనను, ‘మై బ్రదర్’ అన్నయెడల క్రియ తమ్ముని ననుసరించి ‘కమ్స్’ అనియే యుండవలెను.

మిక్కిలి జాగరూకత వలసినది ‘వుయ్’, ‘అవర్’ల యెడ. ‘మేము సినిమాకు పోవుచున్నాము’ అని విన్న అతిథి ఇంటనే యుండును. అదే మాట ఇంగ్లీషున విన్నవాడు చెప్పులు తొడుగుకొన్నను తప్పుపట్టరాదు. ‘మేము’, ‘మనము’ రెండును వారికి ‘వుయ్’ మాత్రమే.

ఇది నవ్వులాట. దాయాదుల నడుమ నడచిన ఉత్తరమున ‘అవర్ ల్యాండ్’ అని యున్నదనుకొందము. ‘మా పొలము’ అని తెనిగించినచో చదువరికి అందు పాలు లేనట్లగును. ‘మన పొలము’ అన్నచో ఉన్నట్లగును. ఏది తగునో ఆ ఇంగ్లీషు పదము చెప్పజాలదు. ఎవరు, ఎవరికి, ఏ సందర్భమున వ్రాసిరో విచారింపవలెను. వ్యాజ్యమునకెక్కిన పత్రమైనచో తోచినది వేసి సాగిపోక, ఆ సందేహమును అనువాదకుడు అంచున వ్రాసి చూపవలెను.