పాత ఇంటి వైరింగు: పనివాణ్ణి ఏమని పిలవాలి?

వ్యవసాయ విస్తరణాధికారి విత్తనం గురించి, ఎరువు గురించి చెప్పాలి గాని, ఇంట్లో కరెంటు తీగల గొడవ ఇతనికెందుకు అని మీలో కొందరు అనుకోవచ్చు. కాని రైతుకు ఇల్లు వేరు, సేద్యం వేరు కాదు గదా! ఇంటి మీటరు నుంచే పశువుల కొట్టానికి తీగ లాగుతాం. గడ్డి కోసే మిషను ఇంటి కరెంటుతోనే తిరుగుతుంది. ఆ తీగ ఒక్కచోట చెడితే పోయేది పాడిగేదె కావచ్చు, మనిషే కావచ్చు.

ముందుగా మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మాది తాతగారి నాటి పెంకుటిల్లు. చెక్క పట్టీల మీద తీగలు బిగించిన పాత వైరింగు. కొన్నేళ్ల క్రితం మీటరు పక్కన ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చి పెట్టించాం. ఆ వానాకాలంలో అది మాటిమాటికీ పడిపోవడం మొదలైంది. చీకట్లో వంట ఎట్లా చేసేది? ఊళ్లో చిల్లర పనులు చేసే ఒక కుర్రవాణ్ణి పిలిచాం. అతడు వచ్చి, “ఇది చెడిపోయిందండీ” అని, దాన్ని తప్పించి తీగలు నేరుగా కలిపేసి, రెండు వందలు తీసుకుని వెళ్లాడు. దీపాలు వెలిగాయి, మేమూ సంతోషించాం.

పదిరోజులకు మా అమ్మ తడిబట్టలు ఆరవేయబోయి దండెం తీగ పట్టుకుని పడిపోయింది. పడటంలో చెయ్యి విడిపోయింది గనుక బతికింది. తరువాత చూస్తే, కొట్టంలో బల్బుకు పోయే తీగ చూరు దగ్గర తొడుగు పగిలి, రేకు అంచుకు తగులుతున్నది. మా దండెం కట్టినది ఆ రేకు కొక్కేనికే! రక్షణ స్విచ్చి చెడిపోలేదు. ఇంట్లో ఎక్కడో కరెంటు కారుతున్నదని అది మొత్తుకుంటుంటే, మేము దాని నోరు నొక్కేశాం.

తప్పు ఆ కుర్రవాడిదొక్కటే కాదు. “ఇది ఎందుకు పడిపోతున్నదో చూడు” అని మేము అడగలేదు. “దీపం వెలిగించు” అన్నాం. అడిగిన పనే చేశాడు. ఈనాడు నేను చెప్పదలచిన అసలు మాట ఇదే. కరెంటు పనివాణ్ణి దీపం వెలిగించమని కాదు, కారణం కనిపెట్టమని పిలవాలి.

పాత వైరింగు ఎందుకు చెడుతుంది? 1955లో మాచ్‌ఖండ్ కరెంటు మొదలైంది. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడింది. అప్పటినుంచి క్రమంగా మన పల్లెలకు దీపాలు వచ్చాయి. ఆ రోజుల్లో ఇంటికి రెండు బల్బులు, కలిగినవారికి ఒక ఫ్యాను. రెండు 40 వాట్ల బల్బులు, ఒక 60 వాట్ల ఫ్యాను కలిపితే 140 వాట్లు. 230 వోల్టుల మీద సుమారు 0.6 ఆంపియరు మాత్రమే తీగలో పారుతుంది. ఇప్పుడో? నీళ్లు కాచే రాడ్డు 1500 వాట్లు, ఇస్త్రీపెట్టె 1000, మిక్సీ 500. మూడూ ఒక్కసారి వేస్తే 13 ఆంపియర్లు! ఒంటెద్దు బండి మీద లారీ బరువు వేసినట్లే గదా. తీగ వేడెక్కుతుంది. ఏళ్ల తరబడి అట్లా వేడెక్కి వేడెక్కి, పాత రబ్బరు తొడుగు ఎండిన చెరువు మట్టిలాగా నెర్రెలు విచ్చుతుంది. అల్యూమినియం తీగలైతే అతుకుల దగ్గర వదులవుతాయి. ఆపైన ఎలుకలు, గోడల చెమ్మ సరేసరి.

ప్రమాదం చాలాసార్లు ముందుగానే కబురు పెడుతుంది. స్విచ్చిబోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండటం, ప్లగ్గు చుట్టూ నల్లబడటం, కాలిన వాసన, తడిగోడను తాకితే జిల్లుమనటం, ఫ్యూజు పదేపదే పోవటం, ఇవన్నీ ఆ కబుర్లే. మరొకటి చెబుతాను, ఇది పాడి ఉన్నవారికి. గేదె తడినేల మీద అడుగు పెట్టనని మొరాయించినా, ఇనుప తొట్టిలో నీళ్లు ముట్టకపోయినా దిష్టి అనుకోకండి. పశువుకు కొద్దిపాటి కరెంటు కూడా తెలుస్తుంది. మెయిను ఆపి పనివాణ్ణి పిలిపించండి. ఫ్యూజు పోతున్నది గదా అని లావుపాటి రాగితీగ చుట్టడం మాత్రం మహా ప్రమాదం. అప్పుడు ఫ్యూజుకు బదులు ఇల్లే కాలుతుంది.

సరే, ఎవరిని పిలవాలి? మీటరు దాకా పని విద్యుత్ సంస్థది. స్తంభం మీద గాని, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర గాని చెడితే 1912కు ఫోను చేయండి. మీరు ఎక్కవద్దు, ఊరివాళ్లను ఎక్కించవద్దు. మీటరు తరువాతి వైరింగు మీది. నిబంధనల ప్రకారం ఆ పని లైసెన్సు పొందిన కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్టు ఉన్న పనివారు చేయాలి. పర్మిట్టు చూపించమని అడగడం అవమానమేమీ కాదు. విత్తనం సంచి మీద చీటీ చూడకుండా కొంటామా? ఊళ్లో చేయి తిరిగిన పనివాడు ఉండి పర్మిట్టు లేకపోతే, పర్మిట్టు ఉన్నవారి కింద చేయమనండి. ఐటీఐ చదివిన కుర్రవాళ్లుంటే పర్మిట్టు తెచ్చుకోమని ప్రోత్సహించండి.

పనివాడు వచ్చిన తరువాత ఈ సంగతులు అడగండి.

మొదటిది, మెగ్గరు తెచ్చాడా? సామాన్లన్నీ విప్పదీసి, మెయిను ఆపి, 500 వోల్టుల మెగ్గరుతో చూస్తే తీగల తొడుగు బలం తెలుస్తుంది. ఒక మెగోమ్‌కు తగ్గితే ఎక్కడో కారుతున్నదన్నమాట.

రెండవది, తీగ లావు. దీపాలకు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, 16 ఆంపియర్ల ప్లగ్గులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించండి. ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోండి. కొట్టానికి పోయే లైనుకు ఎంసీబీ విడిగా పెట్టించండి.

మూడవది, ఎర్తు. రెండున్నర మీటర్ల జీఐ గొట్టం ఉప్పు, బొగ్గు మధ్య పాతించి, ఎండాకాలంలో అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. కొందరు ఎర్తు గొయ్యి తీయకుండా, ప్లగ్గులోనే న్యూట్రలు నుంచి ముక్క తీగ వేసి ఎర్తు అంటారు. ఆ న్యూట్రలు ఎక్కడైనా తెగిందంటే ఫ్రిజ్జి తలుపు మీదికే కరెంటు వస్తుంది. ఒప్పుకోవద్దు.

నాలుగవది, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఇది చేసే పని మన కాలువ లెక్కే. తూము దగ్గర వదిలిన నీరు, తిరిగి చేరిన నీరు సరిపోకపోతే నడుమ గండి పడ్డట్టు గదా! అట్లాగే పోయిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు తేడా వస్తే ఇది రెప్పపాటులో ఆపివేస్తుంది. 6 ఆంపియర్ల ఫ్యూజుకు ఆ తేడా కనపడదు, ఎందుకంటే అది రెండు వందల రెట్లు పెద్ద లెక్క. ఫ్యూజు, ఎంసీబీ తీగను కాపాడతాయి. ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. అందుకని రెండు రకాలూ కావాలి. దాని మీద పరీక్ష మీట ఉంటుంది. నెలకొకసారి నొక్కి, పడుతున్నదో లేదో చూసుకోండి.

బేరం సంగతి కూడా ఒక మాట. సామాను, కూలి విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. పరీక్ష మీ ఎదుట చేసి చూపించిన తరువాతే మిగతా డబ్బు ఇవ్వండి. ఒక్కసారి ఇల్లంతా మార్చే స్తోమత లేకపోతే ముందు ఆర్‌సీసీబీ, ఎర్తు, కొట్టం లైను చేయించండి. లోపలి తీగలు రాబోయే పంటకు చూడవచ్చు. దండెం ఇనుప తీగ మాత్రం ఈరోజే విప్పి నైలాను తాడు కట్టండి. దానికి ఏ పనివాడూ అక్కరలేదు.

ఎవరికైనా కరెంటు తగిలితే ఆత్రపడి పట్టుకోకండి. ముందు మెయిను ఆపండి. అందకపోతే పొడి నేల మీదో పొడి చెక్క మీదో నిలబడి, పొడి కర్రతో విడదీయండి. వెంటనే 108కి ఫోను చేయించండి. ఊపిరి ఆడకపోతే, నేర్చినవారు అక్కడే గుండె అదిమే చికిత్స మొదలుపెట్టాలి.

ఇల్లు కాలుతుండగా బావి తవ్వినట్టు కాకుండా, ఏటా రోహిణి కార్తెలోనే, తొలకరి రాకముందే, దుక్కి సామానుతో పాటు ఇంటి వైరింగు కూడా చూపించుకోండి. విస్తరణ కార్యకర్తలు రైతు సమావేశాలలో ఈ నాలుగు మాటలూ చెప్పవలసిందిగా కోరుతున్నాను. మా అమ్మ ఇప్పటికీ ప్రతి నెలా మొదటి తారీఖున ఆ మీట తానే నొక్కి చూస్తుంది. మీ ఇంట్లో ఆ పని ఎవరిదో ఈ రాత్రే నిర్ణయించండి.