పాలిమర్ పిడిని చేతికి తగినట్లు మలచడం

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• పిడి కొలతకూ గురికీ ఉన్న సంబంధాన్ని లెక్కకట్టి చూపగలరు;
• పిస్తోలు ఫ్రేముకు వాడే పాలిమర్ స్వభావాన్ని వివరించగలరు;
• పిడిని మార్చే పద్ధతుల క్రమాన్ని కారణాలతో చెప్పగలరు.

1. పరిచయం

కొడవలి పిడి లావుగా ఉంటే రైతు దాన్ని గాజుపెంకుతో గీకి సన్నం చేస్తాడు. గీకుడు ఎక్కువైతే కొత్త కర్ర బిగిస్తాడు. ఉక్కు పిస్తోళ్లలో చాలావాటికి ఈ వెసులుబాటు ఉంది; పిడికి ఇరువైపులా ఉండే చెక్కలను మర విప్పి మార్చవచ్చు. పాలిమర్ పిస్తోలు అలాంటిది కాదు. సాధారణంగా దానిలో పిడి, మ్యాగజైన్ గూడు, ట్రిగ్గర్‌ను మోసే భాగం అన్నీ ఒకే ముక్కగా అచ్చులో తయారవుతాయి. జర్మనీకి చెందిన హెక్లర్ అండ్ కోఖ్ 1970లో వీపీ 70తో ఈ పద్ధతిని ప్రారంభించింది. 1982లో ఆస్ట్రియా సైన్యం గ్లాక్ 17ను ఎంచుకున్నాక అది విస్తరించింది. కాబట్టి ఇక్కడ పిడిని మలచడమంటే ఆయుధ శరీరాన్నే మలచడం.

2. పిడి కొలత ఎందుకు ముఖ్యం?

చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనాలి. ఒత్తిడి నేరుగా వెనక్కి రావాలి. పిడి లావైతే చిన్న చేతికి వేలికొన మాత్రమే అందుతుంది. అందుకోవడానికి అరచేతిని పక్కకు తిప్పుతారు. అప్పుడు ఒత్తిడి వాలుగా పడి, పిస్తోలు కొద్దిగా పక్కకు తిరుగుతుంది.

ఆ ‘కొద్దిగా’ ఎంతో చూడండి. రెండు సైట్ల మధ్య దూరం 165 మి.మీ. అనుకుందాం. వెనక సైటుతో పోలిస్తే ముందు సైటు 1 మి.మీ. పక్కకు జరిగింది. సరూప త్రిభుజాల ప్రకారం 10 మీటర్ల దూరంలో దోషం 10,000 ÷ 165, అంటే సుమారు 60 మి.మీ. 25 మీటర్ల దగ్గర అది 150 మి.మీ. దాటుతుంది. కన్ను, సైటు, తూటా ఏవీ తప్పు చేయకపోయినా గురి తప్పుతుంది.

3. పదార్థం స్వభావం

ఇలాంటి ఫ్రేములకు ఎక్కువగా నైలాన్ రకం పాలిమర్లను వాడతారు. చాలా రకాల్లో గట్టిదనం కోసం సన్నని గాజుపోగులు కలుపుతారు. నైలాన్ థర్మోప్లాస్టిక్, వేడికి మెత్తబడి, చల్లారితే తిరిగి గట్టిపడుతుంది. నైలాన్ 6,6 సుమారు 260° సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పాలిమర్లు ఉష్ణాన్ని త్వరగా వ్యాపించనీయవు. అందువల్ల వేగంగా తిరిగే యంత్రంతో రుద్దితే పుట్టిన వేడి అక్కడే నిలిచి, పదార్థం అరగడానికి బదులు కరిగి అలుక్కుపోతుంది. గాజుపోగులు తెగిన చోట బలమూ తగ్గుతుంది.

4. పద్ధతుల క్రమం

సూత్రం ఒక్కటే: వెనక్కి తీసుకోగల మార్పు ముందు, తీసుకోలేని మార్పు చివర.

(అ) మార్చడం: అనేక నమూనాలకు పిడి వెనక భాగంలో విడి పలకలు వస్తాయి. 2010లో వచ్చిన నాలుగో తరం గ్లాక్‌లో ఈ ఏర్పాటు ఉంది. ముందు వీటిని ప్రయత్నించాలి.

(ఆ) చేర్చడం: పిడి సన్నమైతే రబ్బరు తొడుగు, గరుకు టేపు సరిపోతాయి. కావలసిన ఆకారం తెలుసుకోవడానికీ ఇవే మంచి సాధనాలు. ఎపాక్సీ ముద్ద పెట్టాలంటే ఉపరితలాన్ని ముందుగా గరుకు చేయాలి; నున్నటి నైలాన్‌ను అది గట్టిగా పట్టదు.

(ఇ) తీయడం: ఇది చివరి మార్గం. లోపల మ్యాగజైన్ గూడు ఉంది కనుక గోడ మందాన్ని ముందే కొలవాలి. వాటర్ పేపర్‌తో, తడిగా, చేత్తో కొంచెం కొంచెంగా రుద్దాలి. తడి వల్ల వేడి నిలవదు, గాజుధూళి అంతగా లేవదు. ప్రతి విడతకూ ఆగి పట్టి చూడాలి.

(ఈ) గరుకు చేయడం: వేడి మొనతో చుక్కలు అద్ది పట్టు పెంచుతారు. మొన లోతుగా దిగితే గోడ పలచబడుతుంది.

5. జాగ్రత్తలు

మ్యాగజైన్ తీసి, గదిలో తూటా లేదని కంటితోనూ వేలితోనూ చూడనిదే పని మొదలుపెట్టరాదు. ధూళి ముక్కులోకి పోకుండా మాస్క్ ధరించాలి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకులను మార్చడానికీ, మరమ్మతు చేయడానికీ లైసెన్సు ఉండాలి. గుర్తింపు సంఖ్యను చెరపడం నేరం. కనుక ఈ పని లైసెన్సున్న నిపుణుడిది. ఏం చేయాలో, ఎక్కడ ఆపాలో అతడికి స్పష్టంగా చెప్పగలగడమే మీకు ఈ పాఠం వల్ల కలిగే ప్రయోజనం.

6. సారాంశం

చేతికి కుదరని పిడి మిల్లీమీటరు దోషాన్ని అనేక సెంటీమీటర్లుగా పెంచుతుంది. అయితే పాలిమర్ ఫ్రేములో తీసివేసిన పదార్థం తిరిగి రాదు. అందుకే మొదట మార్చి చూడాలి, తరవాత చేర్చాలి, చివరకు మాత్రమే తీయాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. సైట్ల మధ్య దూరం 330 మి.మీ. అయితే, పై లెక్కలో 10 మీటర్ల వద్ద దోషం ఎంత?
2. నైలాన్ పిడిని వేగంగా తిరిగే యంత్రంతో రుద్దకూడదు. ఎందుకు?
3. చేర్చడం ముందు, తీయడం తరవాత. ఈ క్రమాన్ని సమర్థించండి.